మట్టిపని నేర్చుకోవడానికి విమానమెక్కాలా?

"మా అమ్మాయి అమెరికాలో కంప్యూటర్ కంపెనీలో చేస్తోంది" అని ఒకావిడ అంటే పెళ్లిపందిట్లో పదిమంది ఆమె చుట్టూ చేరతారు. జీతమెంతని అడుగుతారు. వీసా ఎలా వచ్చిందని అడుగుతారు. మా చుట్టాల పిల్లాడున్నాడు, ఒక మాట కదపమంటారు. అదే పందిట్లో ఇంకొకావిడ "మా అమ్మాయి ఆస్ట్రేలియాలో ఒక బడికి పోయింది. పిల్లలతో కలిసి కూరగాయల తోట పెంచే పని నేర్చుకుంటోంది" అంటే? కాసేపు ఎవరూ ఏమీ అనరు. ఆ తర్వాత ఎవరో ఒకరు నవ్వుతారు. చిత్తూరు జిల్లా వెంకటగిరికోట వైపైతే నవ్వుతోపాటు మాట కూడా పడుతుంది. "ఏమ్మే, గడ్డపార పట్టేదానికి ఇమానమెక్కి పోవాల్నా? మన కయ్యలో మట్టి లేదా?"

ఎగతాళికి అడిగినా అది మంచి ప్రశ్నే. దానికి సరైన జవాబు చెప్పుకోకుండా "కాలం మారింది, ఆడపిల్లలు ఎక్కడికైనా పోవచ్చు" అని ఊరుకుంటే లాభం లేదు. నా మటుకు జవాబు ఇది. పోవాలి, తప్పకుండా పోవాలి. కాకపోతే ఈ దారిలో ఇప్పుడు రాకపోకలు ఒకవైపు నుంచే ఎక్కువ. వాళ్లు మన దగ్గరికొచ్చి నేర్చుకుని పోతున్నారు. వాళ్లకు నేర్పిన మన ఆడవాళ్లకు పేరూ లేదు, జీతమూ లేదు. ఆ ఆడవాళ్ల కూతుళ్లకు పోయే దారీ లేదు. మాట్లాడుకోవలసింది దీని గురించి.

ఇంతకీ ఏమిటీ పర్మాకల్చర్?

ఈ మాటను 1970లలో ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో బిల్ మోలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ అనే ఇద్దరు పుట్టించారు. 1978లో వాళ్ల మొదటి పుస్తకం వచ్చింది. మనవాళ్లు దీన్ని శాశ్వత వ్యవసాయం అంటున్నారు. అడవికి ఎవరూ నీళ్లు పెట్టరు, ఎరువు వెయ్యరు, అయినా పచ్చగా ఉంటుంది కదా. అదెలా బతుకుతోందో గమనించి మన పొలాన్నీ పెరటినీ ఇంటినీ ఆ తీరులో అమర్చుకోవడమే పర్మాకల్చర్. వాననీళ్లు పరుగెత్తి పోకుండా వాలుకు అడ్డంగా కాలువ తీసి నేలలోకి ఇంకించాలి. నేలను ఎండకు వదిలెయ్యకుండా ఆకూ అలమూ కప్పాలి. పెద్ద చెట్టు నీడలో చిన్న చెట్టు, దాని కింద తీగ, మట్టిలోపల దుంప పెంచాలి. ఒకదాని చెత్త ఇంకోదానికి మేత కావాలి. రోజూ కావలసిన ఆకుకూర గుమ్మం దగ్గర, వారానికోసారి చూసేవి కొంచెం ఎడంగా, ఎప్పుడో గాని అక్కర లేని చెట్లు చేను చివర ఉండాలి. ఈ చివరిదాన్ని 'జోన్లు' అని పాఠంగా చెబుతారు. ఇవన్నీ నేర్పే కోర్సు ప్రపంచమంతటా 72 గంటలది.

చదువుతుంటే మీకు నవ్వొస్తూ ఉండాలి. కరివేపచెట్టు వంటింటి గుమ్మం పక్కన పెట్టుకోమని మన అవ్వలకు ఏ ఆస్ట్రేలియావాడు చెప్పాడు? గిన్నెలు కడిగిన నీళ్లు పోయే చోట అరటిపిలక, పేడదిబ్బ పక్కన గుమ్మడిపాదు, పందిరి మీదికి చిక్కుడుతీగ, రాగి చేలో నడుమ నడుమ అనప, అలసంద, ఆముదం సాళ్లు. ఒకటి పోతే ఒకటి దక్కుతుందని వేసినవి అవి. విత్తనానికి కట్టిన కాయను ఏరి, ఎండబెట్టి, బూడిదా వేపాకూ కలిపి కుండలో పోసి మూతికి పేడ మెత్తి దాచింది ఎవరు? ఇంటి ఆడవాళ్లే. మగవాళ్లు దున్నారు, విత్తారు, సంతకు తోలారు. మరుసటేడు ఏ విత్తనం వెయ్యాలో నిర్ణయించిన చెయ్యి మాత్రం చాలా ఇళ్లలో అవ్వదే.

మరి కొత్తగా నేర్చుకునేదేముంది అంటారా? ఉంది. అవ్వకు తెలిసింది ఆమె చేతిలో ఉంది. ఆ చెయ్యి ఆగిపోతే అదీ ఆగిపోతుంది. ఆ చేతిపనిని ఒక పాఠంగా అమర్చి, నలభైమంది పిల్లలున్న తరగతిలో లెక్కగా, సైన్సుగా, భాషగా చెప్పే పద్ధతి వేరే విద్య. దాన్ని కొన్ని దేశాల బళ్లు బాగా అలవాటు చేసుకున్నాయి.

తోటే తరగతి గది

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం బర్కిలీ ఊళ్లో మార్టిన్ లూథర్ కింగ్ పేరుతో ఒక బడి ఉంది. ఎలిస్ వాటర్స్ అనే ఆవిడ అక్కడ హోటల్ నడిపేది. ఆమె చొరవతో 1995లో ఆ బడి ఆవరణలో ఎకరం జాగాలో తోట, దాని పక్కన వంటగది మొదలయ్యాయి. పిల్లలే విత్తుతారు, కోస్తారు, వండుతారు, కలిసి కూర్చుని తింటారు. అదంతా పాఠం కిందే లెక్క. ఆస్ట్రేలియాలో స్టెఫనీ అలెగ్జాండర్ అనే ఆవిడ కూడా పేరున్న వంటమనిషే. 2001లో మెల్‌బోర్న్‌లోని కాలింగ్‌వుడ్ బడిలో ఇలాంటి తోటే మొదలుపెట్టింది. తర్వాత అది దేశంలోని ఎన్నో బళ్లకు పాకింది. ధనిక దేశాల ముచ్చటలే అనుకోకండి. ఆఫ్రికాలోని జింబాబ్వేలో 1990లలో 'స్కోప్' అనే పేరుతో బళ్లలోనూ కాలేజీల్లోనూ పర్మాకల్చర్ పథకం మొదలైంది. బోసిగా ఉన్న బడి ఆవరణలో ఏ మూల నీళ్లు నిలుస్తాయి, ఏ మూల నీడ కావాలి అని టీచర్లూ పిల్లలూ తల్లిదండ్రులూ కలిసి గీసుకుని, పండ్లచెట్లూ కూరగాయలూ పెంచుకున్నారు. వానలు తక్కువ, బడి నిధులు తక్కువ. మన రాయలసీమకు అమెరికాకంటే జింబాబ్వే అనుభవమే దగ్గర చుట్టం.

ఇలాంటి చోట ఇంటర్న్‌గా చేరిన అమ్మాయి ఏం చేస్తుంది? పొద్దున్నే మడులకు నీళ్లు పెట్టించడం, ఎరువుగుంట తిరగెయ్యడం, పిల్లల్ని జట్లుగా విడగొట్టడం, ఇవన్నీ పైకి కనబడే పనులు. అసలు పని వేరే ఉంది. మడి చుట్టుకొలత కొలిపిస్తూ లెక్క చెప్పాలి. ఎరువుగుంట లోపల వేడి ఎందుకు పుట్టిందో పిల్లల చేతే చెప్పించాలి. వానపామును చూసి కెవ్వుమన్న పిల్ల వారం తిరిగేసరికి దాన్ని అరచేతిలో పెట్టుకునేలా చెయ్యాలి. ఇది టీచరు పని, రైతు పని, వంటమనిషి పని, కొంచెం నర్సు పని కూడా. దీన్ని "మట్టిపని" అని ఒక్క మాటలో తీసిపారేస్తే ఎలా?

మన వాకిట్లో ఉన్నది

ఇప్పుడు రెండోవైపు చూద్దాం. మన దగ్గర ఇలాంటివి లేవా? వెంకటగిరికోటలో నిలబడి చుట్టూ చూస్తే చాలు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ ఉంది. పెద్ద బడి సంగతి పక్కన పెట్టండి, అది కలిగినవాళ్లది. దాని గ్రామీణ విద్యాకేంద్రంలో రమ, పద్మనాభరావు దంపతులు 1980ల నుంచి చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న బళ్లు నడిపారు. ఒకే టీచరు, ఒకే గది, అన్ని వయసుల పిల్లలు. ఎవరి మెట్టు వాళ్లు ఎక్కేలా కార్డులు తయారుచేశారు. ఆ బళ్ల ఆవరణలో చెట్టూ చేమా కూడా చదువులో భాగమే. జర్మనీలోని రేగెన్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్లు వచ్చి ఆ పద్ధతి మీద ఏళ్ల తరబడి పనిచేశారు.

కుప్పం దగ్గర గుడివంకలో అగస్త్య ఫౌండేషన్ ఉంది. 1999లో రామ్‌జీ రాఘవన్ మొదలుపెట్టిన సంస్థ ఇది. 172 ఎకరాల రాళ్లనేలను మళ్లీ పచ్చగా చేసుకుంటూ, సర్కారు బడి పిల్లలకు చేతులతో చేసి నేర్చుకునే సైన్సు చెబుతున్నారు. అక్కడ పిల్లలే తోటి పిల్లలకు పాఠం చెబుతారు. అనంతపురం వైపు చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ 1990లో ముప్ఫై రెండెకరాల బీడుతో మొదలైంది. అక్కడి ప్రకృతి బడిలో చెట్టూ పిట్టా వానా కూడా చదువే.

తెలంగాణకు పోతే ఈ కథ ఇంకా వెనక్కి పోతుంది. బిల్ మోలిసన్ స్వయంగా 1987లో మన దేశానికి వచ్చి పాఠాలు చెప్పాడు. రాబిన్ ఫ్రాన్సిస్ అనే ఆస్ట్రేలియా ఆవిడ కూడా ఆయనతోపాటు నేర్పింది. జహీరాబాద్ ప్రాంతంలో దళిత ఆడవాళ్ల సంఘాలతో పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఈ విద్యను అందిపుచ్చుకుంది. వాళ్లు 1993లో మాచనూరులో పచ్చసాలె అనే బడి పెట్టారు. చదువు మానేసి పనికి పోతున్న పిల్లలకు అక్షరాలతోపాటు వడ్రంగం, కుట్టుపని, మూలికావైద్యం, పర్మాకల్చర్ కూడా నేర్పారు. అంటే బడిలో పర్మాకల్చర్ అనేది బర్కిలీ తోటకు రెండేళ్ల ముందే తెలుగునేల మీద ఉంది. ఈ మాట మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడైనా చదివారా? 2017 నవంబరులో అంతర్జాతీయ పర్మాకల్చర్ సమావేశాలు హైదరాబాదులోనూ, సంగారెడ్డి జిల్లా బిడకన్నె పొలంలోనూ జరిగాయి. కొప్పుల నరసన్న, పద్మ దంపతుల 'అరణ్య' సంస్థ వాటికి ఆతిథ్యమిచ్చింది. ఎన్నో దేశాలవాళ్లు వచ్చి మన చిరుధాన్యాల అన్నం తిని పోయారు.

ఇలాంటి చోట్లకు విదేశీ విద్యార్థులు వచ్చి నెలా రెండు నెలలుండి పని నేర్చుకుని పోవడం మనకు కొత్త కాదు. రానివ్వండి. వాళ్లను నేను తప్పుపట్టను. దూరాభారం వచ్చి మన సంగటి తిని, ఎండలో నడుం వంచి పనిచేసే పిల్లలు వాళ్లు. నా బాధ వేరే ఉంది. ఆ పిల్ల తిరిగి పోయాక ఆమె చదువుకు ఈ నెలా రెండు నెలలూ మార్కులవుతాయి, ఉద్యోగానికి యోగ్యతాపత్రమవుతాయి. ఏ విత్తనం ఏ కార్తెలో వెయ్యాలో ఆమెకు చెప్పిన అవ్వకు మాత్రం ఒక ఫోటో మిగులుతుంది, అదీ పంపితే. ఆ అవ్వ మనవరాలు ఇదే విద్య నేర్చుకోను పరాయి దేశం పోతానంటే "మట్టి లేదా ఇక్కడ?" అని అడుగుతాం. ఎంత అన్యాయం!

అమ్మ భయం అబద్ధం కాదు

అయితే, కూతుర్ని వద్దనే తల్లి మీద రాయి వెయ్యడానికి నాకు మనసొప్పదు. ఈ సీమలో మట్టి ఎట్లాంటిదో ఆమెకు తెలిసినంత పట్నంలో కూర్చుని శాశ్వత వ్యవసాయం గురించి మాట్లాడేవాళ్లకు తెలియదు. బోరు వెయ్యడుగులు దిగినా తడి తగలని ఊళ్లు ఇవి. ఒక ఏడు టమోటా బంగారమవుతుంది, మరుసటేడు కోతకూలి కూడా రాక పెట్టెలకు పెట్టెలు రోడ్డు పక్కన పారబోస్తారు. కౌండిన్య అడవిలోంచి ఏనుగులు దిగితే ఒక రాత్రిలో చేను చాపలా పడుకుంటుంది. అలాంటి మట్టిలో నడుం విరగ్గొట్టుకుని, "నా బిడ్డకు ఈ బతుకు వద్దు" అనుకుని పుస్తకం చేతికిచ్చింది ఆ తల్లి. డిగ్రీ చదివిన కూతురొచ్చి "అమ్మా, నేను మళ్లీ మట్టిలోకే పోతా" అంటే ఆమె గుండె గుభేలుమనదా?

ఆ తల్లికి చెప్పవలసిన మాట ఇది. అమ్మా, నీ బిడ్డ కూలికి పోవడం లేదు, నేర్పడానికి పోతోంది. మట్టిని నమ్ముకుని ధర కోసం సంతలో చేతులు కట్టుకుని నిలబడటం వేరు. మట్టి గురించి నలుగురికి చెప్పగల చదువు సంపాదించుకోవడం వేరు. నువ్వు ఏ చదువూ లేకుండా చేసిన పనికే ఆ బిడ్డ చదువు పెట్టుకుని విలువ తెస్తోంది.

ఇది ఉత్త ఓదార్పు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడుపుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ ఫౌండేషన్ మానవతా బహుమతి వచ్చింది. పది లక్షల యూరోల ఆ బహుమతిని ముగ్గురికి పంచారు, అందులో ఒక వాటా మనది. లిస్బన్‌లో ఆ బహుమతి అందుకోను వెళ్లినవాళ్లలో నెట్టెం నాగేంద్రమ్మ అనే రైతు మహిళ ఉంది. ఆ కార్యక్రమాన్ని పల్లెల్లో నడిపించేది పొదుపు సంఘాల ఆడవాళ్లే. చేసి చూసిన రైతే తోటి రైతుకు నేర్పుతుంది. జహీరాబాద్ సంఘాల ఆడవాళ్లు కెమెరాలు పట్టి సినిమాలు తీశారు, పత్తి రైతుల గోడు తెలుసుకోను ఆఫ్రికా దేశాలకు కూడా వెళ్లొచ్చారు. మట్టి తెలిసిన ఆడది విమానమెక్కడం ఇప్పుడు వింత కాదు. మన బంధువులకే ఇంకా వింతగా ఉంది.

డబ్బెవరిది?

ఇంకొక నిజం కూడా దాచకుండా చెప్పుకోవాలి. ఇలాంటి ఇంటర్న్‌షిప్పుల్లో చాలావాటికి జీతం ఉండదు. తిండీ పడకా పెడితే గొప్ప. కొన్నిచోట్ల ఎదురు మనమే కట్టాలి. విమానం ఖర్చు, వీసా ఖర్చు, బీమా ఖర్చు వేరే. అంటే ఈ చదువు ఇప్పటికి కలిగినవాళ్ల పిల్లలకే అందుతోంది. పట్నంలో పుట్టి పెరిగి, కుండీలో తులసి తప్ప మరో మొక్క పెంచని అమ్మాయి ఆర్నెల్లు విదేశంలో ఉండి వచ్చి బడితోటల నిపుణురాలవుతుంది. పొద్దున్నే కలుపు తీసి కాలేజీ బస్సెక్కే వెంకటగిరికోట పిల్ల ఆమె ఉపన్యాసం వింటూ కింద కూర్చుంటుంది. అనుభవం ఒకరిదీ సర్టిఫికెట్టు ఇంకొకరిదీ అయితే ఆ చదువుతో ఎవరికి మేలు?

కాబట్టి ఇలాంటి పథకాలు నడిపే సంస్థలను మనం గట్టిగానే అడగాలి. మీరు పిలిచే ఇంటర్న్‌లలో పల్లె నుంచి వచ్చినవాళ్లు ఎందరు? వాళ్లకు దారిఖర్చు ఇస్తారా? మీవాళ్లు ఇక్కడికి వచ్చినప్పుడు వాళ్లకు పని నేర్పిన ఆడవాళ్లకు రోజుకూలి కట్టిస్తారా? మీవాళ్లు ఇద్దరొస్తే మా పిల్ల ఒక్కతినైనా పిలుస్తారా? మన విశ్వవిద్యాలయాలూ, విదేశాల్లో స్థిరపడిన తెలుగు సంఘాలూ ఈ పని చెయ్యొచ్చు. ఏటా ఆటపాటల సభలకు అయ్యే ఖర్చులో చిన్న వాటా తీసి పెట్టినా పదిమంది పల్లెటూరి ఆడపిల్లలు పోయి నేర్చుకుని రాగలరు. గుడికి విరాళం ఇచ్చే చేయి బడితోటకూ ఇస్తే పుణ్యమేమీ తగ్గదు.

పోయేముందు

పిల్లను పంపాలనుకున్నాక గుడ్డిగా పంపమని నేను చెప్పను. ఆడపిల్లల తల్లులుగా కొన్ని సంగతులు కాగితం మీద రాసుకుని అడగండి.

మొదటిది వీసా. "టూరిస్టుగా రా, వచ్చాక పనిచేద్దువుగాని" అన్నవాళ్ల మాట నమ్మొద్దు. తిండికీ పడకకూ బదులుగా చేసే పనిని కూడా చాలా దేశాలు పనిగానే లెక్కపెడతాయి. పట్టుబడితే తిప్పి పంపుతారు, మళ్లీ ఆ గడప తొక్కనివ్వరు. అమెరికాకైతే ఇంటర్న్‌ల కోసం జె-1 వీసా ఉంది. కాలేజీలో చదువుతున్నవాళ్లు గానీ, చదువు ముగిసి ఏడాది దాటనివాళ్లు గానీ దానికి అర్హులు. అక్కడి గుర్తింపు పొందిన సంస్థ పూచీ పడాలి. ఏ దేశానికైనా ఆ దేశపు రాయబార కార్యాలయం చెప్పిందే చివరి మాట, ఏజెంటు చెప్పింది కాదు.

రెండోది, చేసే పనేమిటి, నేర్చుకునేదేమిటి. రోజుకెన్ని గంటలు, వారానికి ఎన్ని సెలవులు, ఎవరు నేర్పుతారు, బడిపిల్లలతో పాఠం చెప్పే అవకాశం ఉంటుందా లేక రోజంతా ఎరువు మొయ్యడమేనా? ఉచితంగా పనివాళ్లు దొరుకుతారని ఇంటర్న్ అనే పేరు పెట్టేవాళ్లూ ఉంటారు. రాతపూర్వకంగా తీసుకోండి.

మూడోది, పడుకునే చోటు. గది ఎవరితో, తలుపుకు గడియ ఉందా, దగ్గర ఊరు ఎంత దూరం, జబ్బు చేస్తే ఎవరు చూస్తారు, కష్టమొస్తే ఎవరికి చెప్పుకోవాలి? అంతకుముందు అక్కడ ఉండి వచ్చిన ఇద్దరు ఆడపిల్లలతో మాట్లాడించమనండి. మాట్లాడించలేమన్నచోటికి పంపకండి. పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వొద్దని పిల్లకు చెప్పండి. వెనక్కి వచ్చే టికెట్టు డబ్బు పిల్ల దగ్గరే ఉండాలి. ఆ దేశంలో మన రాయబార కార్యాలయం ఫోను నంబరు ఆమె దగ్గరా, మీ దగ్గరా ఉండాలి.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. పోయేముందు ఆ పిల్ల తన ఊరి బడిలో ఒక ఏడాది తోట పెంచి ఉండాలి. కనీసం ఒక కారు. వానాకాలంలో విత్తి, చలికాలంలో అనపకాయ కోసి, ఎండాకాలంలో ఏం ఎండిపోయిందో ఏం నిలబడిందో చూసి ఉండాలి. తన ఊరి మట్టి రంగు తెలియని పిల్లకు పరాయి మట్టిలో కొత్త ఏమిటో ఎలా తెలుస్తుంది? ఒట్టి చేతులతో పోయినవాళ్లు నేర్చుకుని వస్తారు. ఇక్కడి పని తెలిసి పోయినవాళ్లు వాళ్లకు కూడా నాలుగు నేర్పి వస్తారు.

ఊళ్లో జరగాల్సింది

ఇది కొత్త కోరిక కూడా కాదు. 2019లో కేంద్ర ప్రభుత్వం బడి ఆవరణల్లో కూరగాయల తోటలు పెంచమని మార్గదర్శకాలిచ్చింది, పండింది మధ్యాహ్న భోజనంలో వాడమంది. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా ఊళ్లోని వడ్రంగి, కుమ్మరి, తోటమాలి లాంటివాళ్ల దగ్గర ఇంటర్న్‌లుగా పని నేర్చుకోవాలంది. అవును, సరిగ్గా ఇంటర్న్ అన్న మాటే వాడారు! అంటే మన ఆరో తరగతి పిల్లకు మొదటి ఇంటర్న్‌షిప్పు తన వీధిలో అనపపాదు పెంచే అవ్వ దగ్గరే జరగొచ్చు. కాగితం మీద అంతా ఉంది. ఆ అవ్వను బడిలోకి పిలిచి కుర్చీ వేసేదెవరు?

ఆంధ్రలో బడి భోజనానికి 2024లో డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఎందరికో అన్నం పెట్టిన తల్లి పేరు, బాగుంది. మరి రోజూ ఆ భోజనం వండే అమ్మలకు? 2019లో వాళ్ల గౌరవవేతనం నెలకు వెయ్యి నుంచి మూడువేల రూపాయలకు పెంచారు. తోట పని కూడా ఆ మూడువేలలోనే కలిపేసి ఆ వంటమ్మ నెత్తినో, ఉన్న ఒక్క టీచరమ్మ నెత్తినో పెడితే ఆ తోట శ్రావణంలో మొలిచి కార్తీకంలో ఎండుతుంది. నాలుగైదు బళ్లకు కలిపి ఒక మనిషి కావాలి. తోట తెలిసి, పిల్లలకు చెప్పడం తెలిసిన మనిషి. ఆ ఉద్యోగానికి ఒక జీతం, ఒక పేరు ఉండాలి. విదేశం పోయి నేర్చుకుని వచ్చిన పిల్లకు ఊళ్లో ఆ పని ఉంటే ఆమె వెనక్కి వస్తుంది. లేకపోతే బెంగళూరు బస్సెక్కి ఏదో కంపెనీలో చేరుతుంది. తప్పు ఆమెది కాదు.

ఇంకొక హెచ్చరిక. బడితోట పేరు చెప్పి నీళ్లు మొయ్యడం, ఊడవడం ఆడపిల్లలకూ, ఎరువెత్తడం ఫలానా వాడ పిల్లలకూ అప్పగించి, మిగిలినవాళ్లు ఒడ్డున నిలబడి చూసే తోట మనకొద్దు. అల్లరి చేసినవాడికి శిక్షగా కలుపు తీయించే తోట కూడా వద్దు. మట్టిలో చెయ్యి పెట్టాల్సి వస్తే హెడ్మాస్టరు కొడుకు దగ్గర్నుంచి అందరూ పెట్టాలి, వంతు ప్రకారం పెట్టాలి. ఈ దేశంలో మట్టిపని నీచమైంది మట్టి వల్ల కాదు, ఎవరు చెయ్యాలో పుట్టుకతోనే నిర్ణయించడం వల్ల. ఆ రాత చెరిపితే తప్ప బడితోట పాఠం కాదు, వెట్టి అవుతుంది. విదేశాల బళ్ల నుంచి మన పిల్లలు నేర్చుకుని రావలసిందాంట్లో ఇది పెద్దది. ఆ బళ్లలో పారపట్టిన పిల్లను ఎవరి కూతురని అడగరు.

కనుక అమ్మలూ, మీ బిడ్డ అడిగితే నవ్వకండి. నాలుగు ప్రశ్నలడగండి, జవాబులు సరిగ్గా ఉంటే పంపండి. పెళ్లికి ఆర్నెల్లు ఆలస్యమైతే ఆకాశమేమీ ఊడిపడదు. బిడ్డలూ, మీరు పోయేముందు మీ అవ్వ దగ్గర కూర్చుని ఒక నోటుబుక్కు నింపండి. ఏ విత్తనం, ఏ కార్తె, ఏ పక్క ఏ పంట, ఏ పురుగుకు ఏ కషాయం అన్నీ రాసుకోండి. విత్తనాలు మాత్రం అనుమతి లేకుండా పెట్టెలో పెట్టుకోకండి, విమానాశ్రయంలో పట్టుకుంటారు. మాట పట్టుకుపోవడానికి ఏ దేశంలోనూ అడ్డులేదు. అక్కడి పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు "ఇది వెంకటగిరికోట పక్క పల్లెలో మా అవ్వ చెప్పింది" అని ఆమె పేరుతో సహా చెప్పండి. అక్కడివాళ్లు మన ఊరికి వచ్చి నేర్చుకుని పోయేటప్పుడు కూడా వాళ్ల సర్టిఫికెట్టు కింద ఆ అవ్వ సంతకం పెట్టించమని ఆ సంస్థల్ని అడుగుదాం. సంతకం రాకపోతే వేలిముద్రైనా సరే.